మీ పంచాయతీ లెక్క చూడాలంటే ఒక్క పని పట్టుకోండి చాలు

సీసీ రోడ్డు వేసిన ఏడాదికే కంకర తేలిపోతే రచ్చబండ దగ్గర మనం అనే మాట ఒకటే, "మొత్తం తినేశారు". ఆ మాట అనడం తేలిక. దానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు కూడా, ఎందుకంటే అందులో అంకె లేదు, తేదీ లేదు, పని పేరు లేదు. అదే "ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఆరంగుళాల మందం అని రాశారు, రామాలయం వీధిలో పైపులైను కోసం తవ్విన చోట నాలుగంగుళాలే కనిపిస్తోంది, ఎందుకని?" అని గ్రామసభలో అడిగితే ఎవరో ఒకరు లేచి సమాధానం చెప్పాల్సిందే. మొదటి మాట నుంచి రెండో మాట దాకా ఎలా వెళ్ళాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వకీలు అక్కర్లేదు, పార్టీ అండ అక్కర్లేదు, పెద్దగా ఖర్చూ లేదు. కాస్త ఓపిక, ఒక నోట్‌బుక్కు, ఒక టేపు, తోడుగా ముగ్గురు నలుగురు మనుషులు ఉంటే సరిపోతుంది.

ముందుగా ఒక్క పనిని ఎంచుకోండి. ఐదేళ్ళ లెక్కలన్నీ ఒకేసారి బయటికి లాగుదామని దిగిన కుర్రాళ్ళని చాలామందిని చూశాను, కట్టలకొద్దీ జిరాక్సులు ఇంట్లో పడుంటాయి, ఏది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు నెలలకే వదిలేస్తారు. కాబట్టి పోయినేడాది పూర్తయిన పని, ఊళ్ళో అందరి కళ్ళకీ కనిపించే పని ఒకటి పట్టుకోండి. ఒక వీధి సీసీ రోడ్డు కావచ్చు, సైడు కాలువ కావచ్చు, వీధి లైట్లు కావచ్చు, నెలనెలా రిపేరు బిల్లు పడే బోరు మోటారు కావచ్చు, తెలంగాణ ఊళ్ళల్లో అయితే పంచాయతీ ట్రాక్టర్ డీజిల్ కావచ్చు. ఆ ఒక్క పని కాగితాన్ని తీర్మానం నుంచి ఆఖరి చెల్లింపు దాకా చూడగలిగితే మిగతా పనుల కాగితాలూ అలాగే నడుస్తాయని మీకే అర్థమవుతుంది.

డబ్బు ఏ దారిలో వస్తుంది

పంచాయతీకి డబ్బు వచ్చే దారులు చాలానే ఉన్నాయి. ఇంటి పన్ను, కుళాయి ఫీజు, సంత వేలం, షాపుల అద్దె, స్థలాల రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా లాంటివి సొంత ఆదాయం. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు, చాలా చిన్న ఊళ్ళకి పెద్ద దిక్కు ఇదే. వీటి మీద ఒక షరతు ఉంది, అది తెలిస్తే బిల్లులు చదవడం సగం వచ్చేసినట్టే. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకి, సగం పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకి, ఆఫీసు ఖర్చులకి వాడకూడదు. అంటే ఆ లెక్కన 10 లక్షలు వచ్చిన పంచాయతీలో 6 లక్షలు నీళ్ళకీ శుభ్రతకీ ఖర్చయినట్టు కనిపించాలి. ఆ కాలం బిల్లులు చూసేటప్పుడు ఏ పని ఏ పద్దులోంచి చేశారో ముందు చూడండి. పారిశుద్ధ్యం పద్దులో ఆర్చీ గేటు కట్టినట్టు కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న మీకు అక్కడే దొరికింది.

ఫోన్లోనే చూడగలిగినంత చూడండి

ఆఫీసుకి వెళ్ళే ముందే చేయాల్సిన పని ఇది. ఈగ్రామ్‌స్వరాజ్ అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పోర్టల్ ఒకటి 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ ఏమీ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, మీ పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటూ పోతే ఆ ఏడాది ఆమోదించిన పనుల ప్రణాళిక, వచ్చిన డబ్బు, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. మేరీ పంచాయత్ అనే యాప్‌లో కూడా ఇదే సమాచారం ఫోనుకి అనువుగా ఉంటుంది. పేజీ ఒక్కోసారి తెరుచుకోదు, ఇంగ్లీషులో పని పేర్లు సగం సగం రాసి ఉంటాయి, విసుగొస్తుంది. అయినా మీరు ఎంచుకున్న పని పేరు, దానికి ఎంత అనుకున్నారు, ఎంత చెల్లించారు, ఏ తేదీన చెల్లించారు అన్న నాలుగు సంగతులు నోట్‌బుక్కులో రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆడిట్ ఆన్‌లైన్ అని వేరే పోర్టల్ ఉంది, పంచాయతీల ఆడిట్ నివేదికలు అందులో పెడతారు. "వోచర్ చూపలేదు", "స్టాక్ రిజిస్టర్‌లో నమోదు లేదు" అని ఆడిటర్లే రాసిన అభ్యంతరాలు అందులో ఉంటాయి. మీరు అనుమానంతో అడిగే ప్రశ్నకీ, ప్రభుత్వ ఆడిటరే రాసిన అభ్యంతరాన్ని చదివి "దీనికి ఏం జవాబిచ్చారండీ?" అని అడిగే ప్రశ్నకీ బరువులో చాలా తేడా ఉంటుంది.

సెక్రటరీ గారి దగ్గరికి

ఎకాఎకి ఆర్టీఐ పెట్టేయకండి. ముందు వెళ్ళి అడగండి. పంచాయతీ కార్యదర్శి ఒక్కరే ట్యాక్సులు, జనన మరణ ధ్రువపత్రాలు, పారిశుద్ధ్యం, సర్వేలు అన్నీ చూసుకుంటూ ఉంటారు, ఉదయాన్నే వెళ్ళి "సెక్రటరీ గారూ, మా వీధి రోడ్డు ఎస్టిమేటూ, ఎం-బుక్కూ ఒకసారి చూడాలండీ, మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూపిస్తారు. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు పని దగ్గరికొచ్చి కొలిచి పొడవు, వెడల్పు, మందం అందులో రాస్తారు, దాన్నిబట్టే బిల్లు అవుతుంది. అది ఒక్కోసారి పంచాయతీలో ఉండదు, మండలంలో ఇంజనీరింగ్ వాళ్ళ దగ్గర ఉంటుంది, "నా దగ్గర లేదు" అని సెక్రటరీ అంటే అబద్ధమే అనుకోనక్కర్లేదు.

చూపించకపోతే అప్పుడు ఆర్టీఐ. సమాచార హక్కు చట్టం 2005 కింద అడిగేటప్పుడు కారణం చెప్పాల్సిన పని లేదు, సెక్షన్ 6(2) ఆ మాట సూటిగా చెప్తుంది. రుసుము సంగతికొస్తే మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి పెట్టే దరఖాస్తుకి రుసుమే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు కాపీ జత చేస్తే అదీ అక్కర్లేదు. జిరాక్సుకి పేజీకి 2 రూపాయలు. చాలామంది దరఖాస్తులు వీగిపోయేది చట్టం తెలియక కాదు, అడగడం తెలియక. "రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు?" అని రాస్తే అది సమాచారం కాదు, అభిప్రాయం అడిగినట్టు, "సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపిస్తారు. ఉన్న కాగితం పేరు పెట్టి అడగాలి. ఇలా రాయండి:

"పౌర సమాచార అధికారి / పంచాయతీ కార్యదర్శి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు. మన గ్రామంలో ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా వీధిలో వేసిన సీసీ రోడ్డుకి సంబంధించి 1) పంచాయతీ తీర్మానం నకలు 2) మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేట్ నకళ్ళు 3) ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీల నకళ్ళు 4) బిల్లు, చెల్లింపు వోచర్ల నకళ్ళు ఇవ్వగలరు. ఈ రికార్డులనూ, పనినీ సెక్షన్ 2(జె) ప్రకారం స్వయంగా తనిఖీ చేయడానికి తేదీ, సమయం తెలియజేయగలరు. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేసి నాకు తెలియజేయగలరు."

కింద పేరు, చిరునామా, తేదీ, సంతకం. అంతే. నాలుగంటే నాలుగే అంశాలు. రెండు కాపీలు తీసుకెళ్ళి రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు జాగ్రత్త చేయండి.

30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, ఆ సంగతి సెక్షన్ 7(6)లో ఉంది. రాకపోయినా, సగం సగం వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు పై అధికారికి పెట్టాలి. అప్పీలుకి రుసుము లేదు, అప్పీలు అధికారి పేరు ఆఫీసు బోర్డు మీద ఉండాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. తప్పు చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది, కాకపోతే అక్కడ కేసులు పేరుకుపోయి ఉంటాయి కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. నా అనుభవంలో పని జరిగేది ఎక్కువగా మొదటి అప్పీలు నోటీసు అందిన వారంలోనే.

లబ్ధిదారుల జాబితా అడిగితే "వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అనే జవాబు ఈమధ్య వినిపిస్తోంది. సబ్సిడీ పథకాల్లో ఎవరికి ఎంత ఇచ్చారో లబ్ధిదారుల వివరాలతో సహా ఆఫీసే తనంతట తాను బయటపెట్టాలని సెక్షన్ 4(1)(బి) చెప్తోంది. అప్పీలులో ఆ సెక్షన్ రాయండి, ప్రజాప్రయోజనం గురించి సెక్షన్ 8(2) కూడా రాయండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మాత్రం అడగకండి, అవి మనకి అక్కర్లేదు.

కాగితం, టేపు, వీధి

అసలు పని ఇక్కడుంది. ఎం-బుక్ పేజీ చేతికొచ్చాక నలుగురు కలిసి పొద్దున పూట ఆ వీధికి వెళ్ళండి. వార్డు మెంబరుని పిలవండి, రాకపోతే పోనీ, పిలిచామన్న మాట ఉంటుంది. ఒకరు టేపు పట్టుకుంటే ఒకరు రాయాలి, ఒకరు ఫొటో తీయాలి. పొడవు ముందు కొలవండి, మోసం ఉంటే ముందు దొరికేది అదే, ఎందుకంటే పాత రోడ్డుని కొత్త రోడ్డులో కలిపి రాసేయడం తేలిక. ఆ తర్వాత వెడల్పు మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి.

మందం దగ్గర జాగ్రత్త. రోడ్డు అంచు చూసి ఆరంగుళాలు ఉంది కదా అనుకోవద్దు, అంచున పలక పెట్టి పోసేది కాబట్టి అక్కడ సరిగ్గానే ఉంటుంది, తేడా ఉంటే మధ్యలో ఉంటుంది. మధ్యలో చూడాలంటే మనం తవ్వకూడదు, అది ప్రభుత్వ ఆస్తి. కానీ మన ఊళ్ళల్లో కుళాయి కనెక్షన్ల కోసం, పైపులైన్ల కోసం రోడ్డు కోయని వీధి ఉండదు. ఆ కోసిన చోట కాంక్రీటు అడ్డుకోత కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, స్కేలు ఆనించి ఫొటో తీయండి. లెక్క చూడండి: 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే ఉంటే 30 క్యూబిక్ మీటర్లు. బిల్లు 45కి తీసుకుంటే మూడో వంతు కాంక్రీటు కాగితం మీదే ఉందన్నమాట. మీరు కొలిచింది ఒక్క చోటే కాబట్టి ఇదే తీర్పు అనకూడదు, "క్వాలిటీ కంట్రోల్ వాళ్ళతో కోర్ (రోడ్డు మధ్యలోంచి కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయించి చూపించండి" అని అడగడానికి మాత్రం ఇది గట్టి ఆధారం.

వీధి లైట్లు అయితే వేరే పద్ధతి. బిల్లులో 60 ఎల్‌ఈడీ బల్బులు అని ఉందనుకోండి, అవి కొన్న తేదీన స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి, అక్కడి నుంచి ఏ స్తంభానికి ఎన్ని ఇచ్చారో రాయాలి. రాత్రి ఎనిమిదింటికి డ్వాక్రా మహిళలు నలుగురు వీధి వీధీ తిరిగి వెలిగేవి, వెలగనివి, అసలు బల్బే లేనివి మూడు వరసల్లో స్తంభం నంబరుతో సహా రాసుకొస్తే ఆ జాబితా ముందు ఏ రిజిస్టరూ నిలబడదు. ట్రాక్టర్ డీజిల్‌కి లాగ్‌బుక్కు, మోటారు రిపేరుకి మెకానిక్ బిల్లూ, మోటారు ఆగిన రోజులూ సరిపోల్చాలి. నీళ్ళు రాని రోజు ఆడవాళ్ళకి గుర్తున్నంత బాగా ఎవరికీ గుర్తుండదు, వాళ్ళనే అడగండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తేడా కనిపించిన ప్రతిచోటా దొంగతనం ఉండదు. బల్బులు మాడిపోతాయి. సర్పంచులు సొంత డబ్బు పెట్టి, అప్పు తెచ్చి పని చేయించి బిల్లు కోసం నెలల తరబడి తిరిగిన ఊళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఉన్నాయి, అలాంటప్పుడు వోచర్ తేదీ పని తేదీకి చాలా దూరంగా ఉంటుంది. పంచాయతీలకొచ్చిన ఆర్థిక సంఘం డబ్బుని కరెంటు బకాయిలకి సర్దేశారని ఆంధ్రలో సర్పంచులే రోడ్డెక్కారు కూడా. కాబట్టి సర్పంచ్‌కి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ముందే వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి పరువు తీయకండి. అది తప్పు, పైగా దాంతో మీ పని కూడా చెడుతుంది, ఎందుకంటే ఆ నిమిషం నుంచి చర్చ రోడ్డు మీద కాకుండా మీ కులం మీద, మీ పార్టీ మీద జరుగుతుంది.

గ్రామసభలో

ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ వద్దనడానికి లేదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, ఆ ఏడాది చేయబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక గ్రామసభ ముందుకు రావాలి. 2024 ఆగస్టు 23న ఆంధ్రలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, అంటే పెట్టదలుచుకుంటే పెట్టడం కష్టమేమీ కాదు.

కానీ చాలా ఊళ్ళల్లో జరిగేది మనకి తెలుసు. పొద్దున పదింటికి, జనం కూలికి వెళ్ళాక, డప్పు సరిగ్గా వేయకుండా పది మందిని కూర్చోబెట్టి ఫొటో దిగుతారు, తర్వాత రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటారు. ఆ సంతకం దగ్గరే ఆగండి. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకండి, మీ ఇంట్లో వాళ్ళని పెట్టనివ్వకండి. "ముందు తీర్మానం చదవండి, రాసింది విని పెడతాం" అనండి, ఇంతకన్నా పెద్ద పౌరహక్కు ఊళ్ళో ఇంకోటి లేదనే నా నమ్మకం. సభ సాయంత్రం పెట్టమని, ఎస్సీ కాలనీలోనూ చాటింపు వేయమని వారం ముందే రాతపూర్వకంగా ఇవ్వండి.

సభలో ఒక్కటే ప్రశ్న, ఒక్కరే అడగాలి, గొంతు పెంచకూడదు. వీలైతే ఒక ఆడమనిషి అడిగితే ఇంకా మంచిది. "సర్పంచ్ గారూ, మా వీధి రోడ్డు ఎం-బుక్ 100 మీటర్లు అంటోంది, మేం కొలిస్తే 82 వచ్చింది. ఏఈ గారిని పిలిపించి మా అందరి ముందు కొలిపించండి, ఈ మాట తీర్మానంలో రాయించండి." జవాబు అక్కడికక్కడ రాకపోయినా పర్లేదు, ప్రశ్న తీర్మానాల పుస్తకంలో ఎక్కడం ముఖ్యం. ఎక్కిందో లేదో చూసి ఫొటో తీసుకోండి. రాయనంటే అదే విషయం ఎంపీడీఓకి రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో, అంటే తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే పీజీఆర్ఎస్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి.

బిల్లుని నలుగురిలో పైకి చదవడం చిన్న పని అనుకోవద్దు. మన దేశంలో సమాచార హక్కు పుట్టిందే అక్కడ. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ రైతుల సంఘం వాళ్ళు జన సున్‌వాయీ అని బహిరంగ విచారణ పెట్టి, పనుల లెక్కల్ని గ్రామస్తుల ముందు చదివి వినిపించారు. పని చేయని వాళ్ళ పేర్లు మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) ఉండటం జనం అక్కడే విన్నారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, ఆ తర్వాత ఏళ్ళ పోరాటం, 2005లో చట్టం. ఆ పద్ధతినే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీగా తెచ్చింది. ఊరి యువతీ యువకులు మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి "అమ్మా, నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నువ్వు ఎన్ని రోజులు చేశావు?" అని అడిగి, మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ముందు చదివేవారు. దేశం మొత్తం మన దగ్గరికొచ్చి నేర్చుకున్న పద్ధతి ఇది, మన పంచాయతీ రోడ్డుకి మనం వాడుకోకపోతే ఎలా?

గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకి 1996 పెసా చట్టం వల్ల గ్రామసభకి ఇంకా ఎక్కువ బలం ఉంది, పనుల ప్రణాళికకి ముందస్తు ఆమోదం, డబ్బు సరిగ్గా వాడినట్టు ధ్రువపత్రం గ్రామసభే ఇవ్వాలి. ఆ పత్రం మీద ఎవరు సంతకం పెడుతున్నారో కనుక్కోండి.

ఇదంతా అయిపోయిన పని సంగతి. డబ్బు ఖర్చు కాకముందే అడిగితే కొలతలతో పనే ఉండదు. వచ్చే ఏడాది పనుల ప్రణాళిక కోసం గ్రామసభలు సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. అప్పటికి మీ వీధివాళ్ళు కూర్చుని ఒకే ఒక్క పని తేల్చుకోండి, పది అడిగితే ఏదీ రాదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కాలువ, ఎన్ని ఇళ్ళకి, ఎన్ని మీటర్లు అని రాసి, ఇంటికో సంతకం పెట్టించి సభలో ఇవ్వండి, తీర్మానం నంబరు అడిగి తీసుకోండి. ఏప్రిల్ తర్వాత ఈగ్రామ్‌స్వరాజ్‌లో కొత్త ఏడాది ప్రణాళిక తెరిచి ఆ పని ఉందో లేదో చూడండి. ఉంటే ఎస్టిమేట్ కాపీ అప్పుడే తీసుకుని పని మొదలయ్యే రోజున పొడవు, వెడల్పు, మందం, మొత్తం డబ్బు ఒక బోర్డు మీద రాసి వీధి మొదట్లో పెట్టమని కాంట్రాక్టరుకి చెప్పండి. లేకపోతే తీర్మానం కాపీ పట్టుకుని సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళండి, మీ పని ఎవరు, ఎప్పుడు తీసేశారో రాతపూర్వకంగా అడగండి.